ముందు కరెంటు, తర్వాత బాస్: కారులో సబ్‌వూఫర్, యాంప్ మనమే బిగించుకోవడం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు రండి. బల్ల మీది సామాను దగ్గరగా చూస్తేనే ఈ రెండు గంటలకీ ప్రయోజనం.

మొదట ఒక చిన్న వస్తువు మీ చేతికిస్తాను, చూసి పక్కవారికి ఇవ్వండి. ఇది రింగ్ టెర్మినల్. లావు వైరు కొసకి బిగించి, బోల్టుకి తగిలించే రాగి ఉంగరం. ఒక పక్క ఎర్రగా మెరుస్తోంది కదా. ఇప్పుడు తిప్పి చూడండి. నల్లగా, అక్కడక్కడ నీలంగా మాడిపోయింది. మెడ దగ్గర వైరు తొడుగు కరిగి, మళ్లీ గట్టిపడి, ముద్దలా అంటుకుపోయింది.

అది నేను మొట్టమొదట బిగించిన యాంప్‌లోది. యాంప్ అంటే స్టీరియో పంపే పాటకి బలమిచ్చి సబ్‌వూఫర్‌కి, అదే సబ్‌కి, అందించే పెట్టె. సబ్ అంటే బాస్‌ని, అంటే లోతైన కింది శబ్దాలని, మోగించే పెద్ద స్పీకరు. కారు మా బావది. రెండు రోజులు కూర్చుని బిగించాం. పాట పెట్టగానే వెనక అద్దం వణికింది, ఇద్దరికీ పట్టరాని సంతోషం. అలా ఊరి బయటికి వెళ్లాం. ఇరవై నిమిషాలయ్యేసరికి బాస్ పలచబడింది. వాల్యూమ్ పెంచాం. ఇంకాసేపటికి బావ, "ఒరేయ్, ఏదో కాలుతున్న వాసన వస్తోంది చూడు" అన్నాడు. బండి పక్కన ఆపి, డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తాను. గ్రౌండ్ వైరు, అంటే కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే వైరు, బిగించిన బోల్టు చుట్టూ కార్పెట్ అడుగు గోధుమ రంగుకి తిరిగింది. బోల్టు మీద వేలు పెడితే చుర్రుమంది.

యాంప్ బాగానే ఉంది. సబ్ బాగానే ఉంది. వైరు కూడా మంచిదే. ఆ బోల్టు కింద రేకు మీద పెయింటు గోకకుండా బిగించాను, అంతే జరిగింది.

అందుకే ఈ రోజు ఏ బ్రాండు మంచిది, పది అంగుళాలా పన్నెండు అంగుళాలా అన్న దగ్గర మొదలుపెట్టను. అవి ఎంచుకోవడానికి మీకు చాలామంది సాయం చేస్తారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బాస్ అంటే కరెంటు. అది బ్యాటరీలో బయలుదేరి, యాంప్ దాకా వెళ్లి, తిరిగి బ్యాటరీకి చేరాలి. వెళ్లే దారి, వచ్చే దారి రెండూ శుభ్రంగా ఉంటే మామూలు సబ్ కూడా హాయిగా పలుకుతుంది. ఆ దారిలో ఒక్క చోట అడ్డం పడితే ఎంత ఖరీదైన సామానైనా నీరసంగానే ఉంటుంది, పైగా ప్రమాదం.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా దానితోనే వెళ్దాం. 400 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే క్లాస్ డి రకం యాంప్, దానికి 4 ఓమ్స్ సబ్ ఒకటి. ఓమ్ అంటే కరెంటుకి ఉండే అడ్డుని కొలిచే కొలత. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 1200 అనో 2000 అనో ఉంటుంది. అది పీక్, కళ్లు మూసి తెరిచేంత సేపు ఇచ్చే లెక్క. దాన్ని వదిలేసి, లోపలి కాగితంలో ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకె చూడండి. ఆగకుండా ఇవ్వగలిగేది అది. సబ్ ఆర్‌ఎంఎస్, యాంప్ ఆర్‌ఎంఎస్ దగ్గర దగ్గరగా ఉంటే చాలు.

క్లాస్ డి యాంప్ తను తీసుకున్న దానిలో సుమారు 80 శాతం స్పీకరుకి పంపి, మిగతాది వేడిగా వదిలేస్తుంది. కాబట్టి 400 వాట్లు బయటికి రావాలంటే 500 వాట్లు లోపలికి వెళ్లాలి. ఇంట్లో 230 వోల్టుల మీద 500 వాట్లంటే రెండు ఆంపియర్లు, పైన కొంచెం. సన్నటి వైరు సరిపోతుంది. కారులో మనకున్నది 12.5 వోల్టులు. 500ని 12.5తో భాగించండి, 40 ఆంపియర్లు. రెండు హాలోజన్ హెడ్‌లైట్లు కలిపి తీసుకునేది 9 ఆంపియర్లే. అంటే నాలుగు కార్ల హెడ్‌లైట్లు ఒకే వైరు మీద వెలిగించినట్టు.

ఇప్పుడు ఆ బోల్టు దగ్గరికి వద్దాం. పెయింటు వల్ల అక్కడ 0.05 ఓమ్ అడ్డు ఉందనుకోండి. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. దాని మీదుగా 40 ఆంపియర్లు పోతే రెండు వోల్టులు అక్కడే పోతాయి. ఉన్నవే పన్నెండున్నర. ఇక వేడి లెక్క: 40ని 40తో హెచ్చించి, 0.05తో హెచ్చిస్తే 80 వాట్లు. మీరు వాడే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. మూడు సోల్డరింగ్ ఐరన్లు కార్పెట్ కింద పెట్టి స్విచ్ వేసినట్టు అన్నమాట. పాటలో బాస్ ఆగి ఆగి వస్తుంది కాబట్టి అంత వేడి అన్నివేళలా ఉండదు. కానీ ఇరవై నిమిషాలకి ఏం జరిగిందో మీ చేతుల్లో ఉంది.

ఇక పని మొదలుపెడదాం.

బానెట్ ఎత్తగానే బ్యాటరీ నెగెటివ్ ఊడదీయండి. నెగెటివే ముందు. ఎందుకంటే ఇప్పటి కార్లలో బాడీ మొత్తం నెగెటివే. పాజిటివ్ నట్టు విప్పుతున్నప్పుడు స్పానర్ రెండో కొస ఏ రేకుకో తగిలితే బ్యాటరీ షార్ట్ అవుతుంది, ఆ దెబ్బకి స్పానర్ ఎర్రబడగలదు. నెగెటివ్ తీసేశాక పాజిటివ్ దగ్గర స్పానర్ ఎక్కడ తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది, నెగెటివ్ ఆఖర్న. స్టీరియోకి కోడ్ అడిగే కారైతే బ్యాటరీ తీయకముందే ఆ కోడ్ వెతికి పెట్టుకోండి. డ్యాష్‌బోర్డు కింద, సీట్ల కింద పసుపు రంగు తొడుగు వైర్లు, పసుపు కనెక్టర్లు కనిపిస్తాయి. అవి ఎయిర్‌బ్యాగులవి. వాటి జోలికి వెళ్లొద్దు, మీటర్ కూడా పెట్టొద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లుంటాయి, వాటిలో వందల వోల్టులు ఉంటాయి. అలాంటి బండి మొదటి పనిగా మీరు చేపట్టొద్దనే నా మాట.

కేబుల్ సంగతి. మన 40 ఆంపియర్లకి, బ్యాటరీ నుంచి డిక్కీ దాకా ఐదు మీటర్ల దూరానికి 4 గేజ్ రాగి కేబుల్ తీసుకోండి. అంటే 21 చదరపు మిల్లీమీటర్లు. దీనిలో పోయేది 0.16 వోల్టు. డబ్బు కలిసొస్తుందని 8 గేజ్ తీసుకుంటే 0.4 వోల్టు పోతుంది. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు పెరుగుతుంది, ఇది తికమక పడే చోటు.

ఇంకో మోసం గేజ్‌లో కనపడదు. ఇదిగో రెండు ముక్కలు, రెండూ 4 గేజ్ అని రాసినవే, రెండూ పైకి ఎర్రగానే ఉన్నాయి. ఒక్కో పోగు తీసి బ్లేడుతో గీకుతున్నాను, చూడండి. ఇది లోపల కూడా ఎర్రగా ఉంది. రెండోది గీకగానే వెండిలా తెల్లగా వచ్చింది. అది అల్యూమినియం పోగు, పైన రాగి పూత. సీసీఏ అంటారు. వాడకూడదని అనను. రాగితో పోలిస్తే మూడింట రెండు వంతులే కరెంటు మోయగలదు, కాబట్టి ఒకటి రెండు సైజులు పెద్దది తీసుకోవాలి. వంచి వంచి వదిలితే పోగులు తెగుతాయి కూడా. కిట్లు అని డబ్బాల్లో వచ్చేవి ఎక్కువ ఇవే. కొనేముందు ఒక పోగు గీకి చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

ఆ కేబుల్ మీద, బ్యాటరీ పాజిటివ్‌కి 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజు పెట్టాలి. ఎంత దగ్గరైతే అంత మంచిది. "యాంప్‌లో ఫ్యూజు ఉంది కదండీ" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. యాంప్‌లో ఉన్నది యాంప్ కోసం. ఇది వైరు కోసం. ఐదు మీటర్ల కేబుల్ రేకుల మధ్య నుంచి, సీట్ల కింద నుంచి పోతుంది. ఎక్కడో తొడుగు ఒరుసుకుపోయి రాగి బాడీకి తగిలిందనుకోండి. బ్యాటరీ అప్పుడు వందల ఆంపియర్లు తోస్తుంది. ఆ కరెంటు యాంప్ దాకా వెళ్లదు, మధ్యలోనే బాడీలోకి దిగిపోతుంది, యాంప్ ఫ్యూజుకి ఆ సంగతే తెలియదు. కేబుల్ మొత్తం హీటర్ చుట్టలా కాలుతుంది. కార్లు తగలబడేది ఇలాగే. మొదట్లోనే ఫ్యూజు ఉంటే తెగి ఊరుకుంటుంది. మన యాంప్ మీద 25 ఆంపియర్ల ఫ్యూజులు రెండున్నాయనుకుంటే మొత్తం 50. బ్యాటరీ దగ్గర 50 గానీ 60 గానీ పెట్టండి, 4 గేజ్ రాగి దాన్ని సులువుగా మోస్తుంది. ఫ్యూజు అంకె వైరు మోయగలిగేదాన్ని ఎప్పుడూ దాటకూడదు. ఇంకో మాట, హోల్డర్ ఇప్పుడే బిగించినా లోపల ఫ్యూజు పెట్టొద్దు. అది అన్నీ అయ్యాక, ఆఖరి పని.

ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడని ఫైర్‌వాల్ అంటారు. దాన్ని దాటడమే మనకి కాస్త టెన్షన్ పెట్టే పని. డ్రిల్ ఎత్తే ముందు టార్చ్ పట్టుకుని రెండు వైపులా వెతకండి. కంపెనీ వైర్లు పోయే పెద్ద రబ్బరు గ్రోమెట్, అంటే రంధ్రం అంచుకి తొడిగే రబ్బరు, దాదాపు ప్రతి కారులో ఉంటుంది. దానికి చిన్న గాటు పెట్టి, గట్టి ఇనుప తీగ ముందు దూర్చి, దాని కొసకి కేబుల్ టేపుతో చుట్టి లాగితే వచ్చేస్తుంది. కొత్త రంధ్రం తప్పదంటే అవతలి వైపు ఏముందో కంటితో చూశాకే వేయండి, బ్రేకు పైపులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. వేశాక గ్రోమెట్ తప్పనిసరి. కోసిన రేకు అంచు బ్లేడుతో సమానం, బండి అదురుకి ఆరు నెలల్లో తొడుగుని కోసేస్తుంది.

లోపలికి వచ్చాక తలుపు గడప మీది ప్లాస్టిక్ పట్టీ ఎత్తి, దాని కింద నుంచి వెనక్కి తీసుకెళ్లండి. సీటు పట్టాలు జరిగే చోట, సీటు బెల్టు యంత్రం ఉన్న చోట కేబుల్ నలగకుండా చూసుకోండి. స్టీరియో నుంచి యాంప్‌కి పాట తెచ్చే సిగ్నల్ వైరు, అదే ఆర్‌సీఏ, కారు రెండో పక్క నుంచి తీసుకెళ్లాలి. కరెంటు ఒక గడప, పాట ఇంకో గడప.

ఇప్పుడు గ్రౌండ్. దీని మీద కాసేపు కూర్చుంటాను.

యాంప్‌కి దగ్గరగా, 45 సెంటీమీటర్ల లోపు, బాడీలో భాగమైన మందపాటి రేకు చూసుకోండి. డిక్కీ నేల మీద, వెనక చక్రం పైన ఉండే బలమైన రేకు అయితే మేలు. వెనక సీటు బిగించిన పల్చటి బ్రాకెట్లు, ప్లాస్టిక్ కింద ఊగే రేకులు పనికిరావు. సీటు బెల్టు బోల్టు ఖాళీగా, గట్టిగా కనిపిస్తుంది, చాలామంది అక్కడే బిగించేస్తారు. వద్దు. ప్రాణం కాపాడే బోల్టు కింద ఇంకో ఉంగరం పెట్టి దాని పట్టు మార్చకూడదు. కొత్త రంధ్రం వేస్తే ముందు కారు కిందకి వంగి చూడండి. పెట్రోలు ట్యాంకు సరిగ్గా అక్కడే ఉండవచ్చు.

ఈ రేకు ముక్క మీద చేసి చూపిస్తాను. రింగ్ టెర్మినల్ కంటే కొంచెం పెద్ద వృత్తం గీశాను. ఇప్పుడు ఎమరీ పేపరుతో రుద్దుతున్నాను. ముందు రంగు పోయింది. కింద బూడిద రంగు కనిపిస్తోంది కదా, చాలామంది ఇక్కడ ఆపేస్తారు. ఇది ఇనుము కాదు, ప్రైమర్. ఇది కూడా కరెంటుని ఆపుతుంది. ఇంకా రుద్దాలి. ఇదిగో, ఇప్పుడు మెరిసింది. నా వేలు నీడ అందులో కనిపిస్తోంది, అంత మెరవాలి. దీని మీద రింగ్ నేరుగా ఆనాలి. దాని మీద పళ్ల వాషర్, ఆపైన బోల్టు. రెండో వైపు నట్టు. రేకుకి స్క్రూ కొట్టి వదిలేయొద్దు, అది రెండు మూడు మరలే పట్టుకుంటుంది, అదురుకి వదులవుతుంది. బిగించాక పైన గ్రీజు గానీ రంగు గానీ పూయండి, లేకపోతే మెరిసిన చోటే తుప్పు ముందు పడుతుంది. గ్రౌండ్ వైరు లావు పాజిటివ్ వైరుతో సమానం. వచ్చే దారి ఇరుకైతే వెళ్లే దారి వెడల్పుగా ఉండి ఏం లాభం?

బాగా కుదిరిందో లేదో ఓమ్స్ మీద కొలిచి తెలుసుకోలేరు. మామూలు మల్టీమీటర్ వైర్లకే ఇంచుమించు 0.2 ఓమ్ ఉంటుంది, మనం వెతికేది అందులో నాలుగో వంతు. కాబట్టి వోల్టు మీద కొలవండి. అంతా బిగించి పాట గట్టిగా నడుస్తుండగా, మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొస యాంప్ గ్రౌండ్ టెర్మినల్ మీద, రెండో కొస పొడుగు వైరుతో బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టండి. 0.1, 0.2 వోల్టు దగ్గర ఊగితే బాగుంది. అర వోల్టు దాటితే మళ్లీ విప్పండి. మా బావ కారుకి ఈ పరీక్ష ఆ రోజు నాకు తెలిసి ఉంటే ఆ ఉంగరం ఇప్పుడు మీ చేతుల్లో ఉండేది కాదు.

(సభలో ఒకరు: "సర్, ఆ పక్కనే గుండ్రటి కెపాసిటర్ కూడా పెట్టమంటున్నారు, పెట్టాలా?")

మంచి ప్రశ్న. కెపాసిటర్ అంటే కరెంటుని కాస్త దాచి, అడిగినప్పుడు ఇచ్చేది. లెక్క వేద్దాం తమ్ముడూ. ఒక ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కి దిగేలోపు ఇచ్చేది 26 జౌళ్లు. మన యాంప్ సెకనుకి 500 జౌళ్లు తీసుకుంటుంది. అంటే అది ఆదుకునేది సెకనులో ఇరవయ్యో వంతు. డ్రమ్ము మీద పడే ఒక్క దెబ్బకి కాస్త అండ, అంతే. బాస్ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మిణుకుమంటుంటే జబ్బు ఇంకోచోట ఉంది. ముందు గ్రౌండ్ చూడండి, తర్వాత బ్యాటరీ వయసు చూడండి. ఆ తర్వాత ఆల్టర్నేటర్, అంటే ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించే యంత్రం, నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి ఉన్న మూడు వైర్లని లావువి వేయండి. కెపాసిటర్ డబ్బు వాటి మీద పెట్టండి.

స్టీరియో వెనక పని చిన్నదే. విడిగా కొన్న స్టీరియోలకి నీలం మీద తెల్ల చార ఉన్న వైరు యాంప్‌ని లేపే రిమోట్ వైరు. స్టీరియో వెలిగితే దానిలో 12 వోల్టులు వస్తాయి, యాంప్ లేస్తుంది. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది. తొందరలో రిమోట్‌ని దానికి కలిపితే యాంప్ రాత్రంతా మేలుకునే ఉంటుంది, పొద్దున్నే బండి స్టార్ట్ అవదు. రంగుని నమ్మి ఊరుకోకుండా మీటర్ పెట్టి చూడండి. కంపెనీ స్టీరియో అయి ఆర్‌సీఏ సాకెట్లు లేకపోతే, స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ కొనుక్కోండి, లేదా స్పీకర్ సిగ్నల్‌ని ఆర్‌సీఏకి తగ్గట్టు మార్చే లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ మధ్యలో పెట్టండి. రెండూ పనిచేస్తాయి.

సబ్‌ని బిగించే చెక్క పెట్టె, అదే బాక్స్, గురించి మాట్లాడటం నాకు చాలా ఇష్టం, కానీ అది మొదలుపెడితే సాయంత్రం అవుతుంది. ముఖ్యమైనది చెబుతాను. సెకనుకి 40 సార్లు ఊగే, అంటే 40 హెర్ట్జ్ శబ్దం అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. మీ కారే అంత లేదు. కాబట్టి ఆ శబ్దం క్యాబిన్‌లో అలలా పరిగెత్తదు, గాలి మొత్తాన్ని ఒక్కసారిగా నొక్కి వదులుతుంది. అల పొడవులో సగం క్యాబిన్ పొడవుని దాటిన దగ్గర నుంచి కిందికి దిగేకొద్దీ కారే బాస్‌ని పెంచుతుంది, ఆక్టేవ్‌కి, అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ, దాదాపు 12 డెసిబెళ్ల చొప్పున. మూసిన బాక్స్, అదే సీల్డ్ బాక్స్, సరిగ్గా అదే లెక్కలో కిందికి తగ్గుతూ పోతుంది. ఒకటి తగ్గిస్తే ఒకటి పెంచుతుంది. హాల్లో నీరసంగా వినిపించిన చిన్న సీల్డ్ బాక్స్ కారులో పెట్టగానే గుండెల్లో మోగడానికి కారణం ఇది. అద్దాలు దించితే ఆ అండ పోతుంది, అందుకే కిటికీ తెరవగానే బాస్ సన్నబడుతుంది. గొట్టం ఉన్న పోర్టెడ్ బాక్స్ అదే వాట్లకి గట్టిగా మోగుతుంది. కానీ గొట్టాన్ని ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ కిందకి వెళితే కోన్‌ని, అంటే సబ్ మీద ఊగే గిన్నెని, పట్టుకునే గాలి ఉండదు, అది విచ్చలవిడిగా ఊగి చిరుగుతుంది. మరీ కింది శబ్దాలని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ పెట్టడం తెలిసినవాళ్లే దాని జోలికి వెళ్లాలి. మొదటిసారి చేసేవాళ్లకి నేను సీల్డే చెబుతాను.

పన్నెండు అంగుళాల సబ్‌లు చాలావాటికి 30 లీటర్లు దగ్గరగా సరిపోతుంది, మీ సబ్ కాగితంలో చూసి ఖరారు చేసుకోండి. లోపలి కొలత 40, 30, 25 సెంటీమీటర్లు అయితే సరిగ్గా 30 లీటర్లు. సబ్ అయస్కాంతం ఆక్రమించే ఒకటి రెండు లీటర్లు అందులోంచి తీసేయాలి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్, అంటే చెక్క పీచు నొక్కి చేసిన పలక, వాడండి, ప్రతి అతుకుకీ జిగురు, స్క్రూ, లోపలి మూలలకి సిలికాన్. సబ్ బిగించాక కోన్ మీద రెండు అరచేతులు ఆనించి సమంగా, మెల్లగా నొక్కి వదలండి. నిదానంగా పైకి వస్తే గాలి పట్టింది. వెంటనే ఎగిరి వస్తే ఎక్కడో కారుతోంది.

రెండు కాయిల్స్, అంటే కోన్‌ని కదిలించే తీగచుట్టలు రెండు, ఉన్న సబ్ అయితే కాస్త జాగ్రత్త. 4 ఓమ్స్ కాయిల్స్ రెండింటినీ పక్కపక్కన, ప్లస్‌కి ప్లస్ కలిపితే 2 ఓమ్స్ అవుతుంది. గొలుసులా ఒకదాని తర్వాత ఒకటి కలిపితే 8. యాంప్ 4 ఓమ్స్ కంటే కిందికి పోకూడదని కాగితంలో ఉంటే 2 ఓమ్స్ తగిలించి దాన్ని చంపుకోవద్దు. మీటర్ పెడితే 4 ఓమ్స్ సబ్ మూడున్నర చూపించవచ్చు, అది తప్పు కాదు, డీసీలో కొంచెం తక్కువే చూపిస్తుంది.

ఏది ప్లస్సో చెరిగిపోతే గోడ గడియారంలో వేసే 1.5 వోల్టు సెల్ చాలు. ఇటు చూడండి. సెల్ ప్లస్ ఇక్కడ, మైనస్ ఇక్కడ ఆనించాను. కోన్ బయటికి కదిలింది. ముందు వరసలో ఉన్నావు కదమ్మా, అంచు మీద వేలు పెట్టు, తెలుస్తుంది. బయటికి వచ్చిందంటే సెల్ ప్లస్ తగిలిందే సబ్ ప్లస్.

అంతా కలిపాక బ్యాటరీ నెగెటివ్ బిగించి, ఆఖర్న ఫ్యూజు పెట్టండి. యాంప్ మీద పచ్చ లైటు వస్తే మంచిది. ఎర్ర లైటు వస్తే వెంటనే ఆపి, స్పీకర్ వైరు పోగు ఏదైనా పక్క స్క్రూకి తగిలిందేమో చూడండి. చాలాసార్లు ఒక్క వెంట్రుకంత పోగే ఇంత రభస చేస్తుంది.

గెయిన్. దీన్ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేవాళ్లే సబ్‌లని ఎక్కువగా కాలుస్తున్నారు. గెయిన్ అంటే స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కీ యాంప్ సత్తాకీ పొంతన కుదిర్చే గుండీ. దాటి తిప్పితే యాంప్ అల శిఖరాన్ని కోసేస్తుంది, గుండ్రటి కొండ చదునైన బల్లలా అవుతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు కాయిల్‌లోకి పోయే పవర్ రాసిన దానికంటే ఎక్కువ, వేడి అంతా కాయిల్‌లోనే నిలిచిపోతుంది.

చెవితో కాకుండా మీటర్‌తో పెట్టండి. ఎంత వోల్టేజ్ రావాలి? వాట్లని ఓమ్స్‌తో హెచ్చించి వర్గమూలం తీయండి. మనకి 400 ఇంటూ 4, 1600. వర్గమూలం 40. కాబట్టి 40 వోల్టులు. అదే 2 ఓమ్స్ మీద 400 వాట్లయితే 28 వోల్టులు. సబ్ వైర్లు యాంప్ నుంచి తీసేయండి. స్టీరియోలో బాస్, ట్రెబుల్, లౌడ్‌నెస్ అన్నీ సున్నా. యాంప్ మీద బాస్ బూస్ట్ సున్నా. గెయిన్ పూర్తిగా కిందకి. ఇంజన్ నడుస్తుండాలి, బండి బయట గాలిలో ఉండాలి, మూసిన గదిలో వద్దు. 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతుకి తెచ్చి, మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి యాంప్ స్పీకర్ టెర్మినళ్లకి ఆనించండి. గెయిన్ మెల్లగా తిప్పుతూ 40 రాగానే ఆపండి. అంతే. ఇకమీద స్టీరియోలో ఆ ముప్పావు గీత దాటొద్దు, గుండీ మీద చిన్న టేపు ముక్క అంటించండి. ఇంట్లో ఇంకెవరైనా బండి తీసినా తెలుస్తుంది.

బాస్ బూస్ట్ ఎందుకు సున్నా అంటే, 3 డెసిబెళ్లు పెంచడానికి రెట్టింపు పవర్ కావాలి. 6 అంటే నాలుగు రెట్లు. మన 400 వాట్ల యాంప్‌ని ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర 1600 అడుగుతున్నట్టు. లేనిది ఎక్కడి నుంచి తెస్తుంది? అల కోసేస్తుంది.

పై శబ్దాలని ఆపి కిందివే సబ్‌కి పంపే లో పాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ఆ కిందవి ఏ దిక్కు నుంచి వస్తున్నాయో చెవి సరిగా పోల్చుకోలేదు, అందుకే డిక్కీలో ఉన్న సబ్ ముందు నుంచే మోగుతున్నట్టు అనిపిస్తుంది. దాన్ని 150కి పెంచితే గాయకుడి గొంతు సగం డిక్కీలోకి పోతుంది. ఇక కోన్ ఊగే దిశని తిరగేసే ఫేజ్ స్విచ్. డ్రైవర్ సీట్లో మీరు కూర్చోండి, ఇంకొకరిని డిక్కీ దగ్గర ఉంచి స్విచ్ అటూ ఇటూ వేయించండి. ఏ వైపు బాస్ నిండుగా ఉంటే అదే సరైనది, అందులో సిద్ధాంతం ఏమీ వెతకక్కర్లేదు.

ఇంజన్ రేస్ చేసినప్పుడల్లా స్పీకర్లలో ఈల లాంటి మోత పెరుగుతుంటే అది ఆల్టర్నేటర్‌ది. సబ్‌లో ఇది పెద్దగా తెలియదు, ఫిల్టర్ ఆపేస్తుంది. తలుపు స్పీకర్లు కూడా యాంప్ మీద ఉన్నవాళ్లకే బాధ. యాంప్ దగ్గర ఆర్‌సీఏ పీకి చూడండి. మోత ఆగితే తప్పు స్టీరియో వైపు ఉంది, ఆగకపోతే యాంప్ కరెంటు వైపు. ఏ వైపైనా ముందు గ్రౌండ్‌లే చూడండి, మధ్యలో ఫిల్టర్ డబ్బా కొనడం ఆఖరి మాట.

రేకుల గలగల మరో తలనొప్పి. 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ పెట్టి, ఒకరు బయట చేత్తో ఒక్కొక్క రేకూ నొక్కుతూ తిరగాలి. నంబర్ ప్లేటు దగ్గర సగం కేసులు తేలిపోతాయి. ప్లేటు వెనక ఫోమ్ ముక్క, డిక్కీ మూత లోపల అదురుని ఆపే బ్యూటైల్ రబ్బరు షీట్ వేస్తే సరి.

బాక్స్‌ని మాత్రం వదులుగా వదిలేయొద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను. సబ్‌తో కలిపి 25 కిలోలనుకోండి. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగితే, ఆ బాక్స్ వెనక సీటుని సుమారు 350 కిలోల బరువంత బలంతో తోస్తుంది. ఆ సీట్లో పిల్లలు ఉంటారు. నేలకి బోల్టులతో బిగించిన బెల్టులు గానీ, ఇనుప కోణాలు గానీ వేయండి. యాంప్‌ని బాక్స్ మీదే బిగించొద్దు, ఆ అదురుకి లోపలి టంకాలు వదిలేస్తాయి. దానికి గాలి తగిలే చోటు చూడండి, పైన బట్టలు, సంచులు కప్పొద్దు.

అయిపోయాక ఒక వారం నడపండి. అప్పుడు డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తి, పాట గట్టిగా ఓ పావుగంట నడిచాక గ్రౌండ్ బోల్టు మీద వేలు పెట్టండి. తర్వాత బ్యాటరీ దగ్గర ఫ్యూజు హోల్డర్ మీద పెట్టండి. రెండూ చుట్టుపక్కల రేకు ఎంత ఉంటే అంతే ఉండాలి, వెచ్చదనం తెలియకూడదు. తెలిస్తే విప్పి, మళ్లీ రుద్ది, మళ్లీ బిగించండి.

మా బావ కారులో రెండోసారి బిగించిన గ్రౌండ్ ఇప్పటికీ అదే బోల్టు మీద ఉంది. పోయిన నెల విప్పి చూశాను, రేకు ఆ రోజు రుద్దినట్టే మెరుస్తోంది. బయట బండి డిక్కీ తెరిచి ఉంచాను, మీటర్ తీసుకుని వస్తున్నాను, గెయిన్ మీ చేతే పెట్టిస్తాను. ఆ ఉంగరం ఎవరి దగ్గర ఆగిందో చూసి నాకు ఇచ్చేయండి.